గురువారపు ఇల్లు

మొగల్తూరు
వ్యయ నామ సంవత్సర కార్తిక శుద్ధ ఏకాదశి

ప్రియమైన మీకు మాణిక్యం నమస్కరించి రాసుకున్నది.

ముందుగా నా దస్తూరీకి, తప్పులకి మన్నించండి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ ఇవ్వాలో నాకెప్పుడూ అనుమానమే. నరసాపురంలో మిషను వాళ్ల ఆడపిల్లల బడిలో మూడు తరగతులు చదివాను. తరవాత మన పెళ్లయింది. మళ్లీ కలం పట్టడం ఇదే. కాగితం, సిరా జ్ఞానమ్మగారిచ్చారు. అప్పట్లో నాకు అక్షరాలు నేర్పిన కిరస్తానీ పంతులమ్మగారే ఆవిడ. ఇప్పుడు మన ఊరి బడికి వచ్చారు. కవరు మీద మీ పేరు ఆవిడే రాస్తున్నారు. నేను రాయబోతే చెయ్యి ఆగిపోయింది. నోటితో అనకూడని పేరు చేత్తో రాయచ్చో లేదో నాకు తెలియలేదు.

మీరు మావయ్యగారికి రాసిన ఉత్తరం నిన్న వచ్చింది. ఎప్పటిలాగే సావిట్లో కూర్చుని పైకి చదివారు. నేను తలుపు వెనకాల నిలబడి విన్నాను. మీ ఉత్తరాలంటే నాకు ఇష్టం. కాలేజీలో చదువుకుంటూ రోజుకొక ఇంట వారం తింటున్నారు కాబట్టి, ఏ రోజు ఏ ఇంట్లో ఏం పెట్టారో రాస్తారు. నేను రాజమండ్రి ఎప్పుడూ చూడలేదు గాని, సోమవారం అవధానిగారి అరుగు ఎంత ఎత్తో, మంగళవారం ఇంటి ఆవు ఎలా పొడుస్తుందో నాకు తెలుసు.

మావయ్యగారు చదువుతున్నారు. "గురువారం జగన్నాథరావుగారింట్లో వారం. ముందురోజే వారి మేనకోడలి పెళ్లయిందట. మిగిలిన బూరెలు విస్తరి నిండా వడ్డించారు." మామ్మగారు జపం ఆపేశారు.

"ఏ మేనకోడలురా?"

"పేరు రాయలేదమ్మా."

"వాడికున్నది ఒక్కతే మేనకోడలు. రాజమండ్రిలో మా పుట్టింటి వీధే కాదుట్రా వాళ్లది. ఆ పిల్ల మొగుడు పోయి ఎన్నేళ్లయిందో నన్నడుగు. ముండమోసినదానికి మళ్లీ పెళ్లి చేసి, ఆ కూడు నా మనవడి విస్తట్లో వేశారా! కార్తికమాసంలో!"

అత్తయ్యగారు మెల్లిగా "వాడికి ఆకలేసిందేమోనండీ" అన్నారు. మామ్మగారు "నువ్వు నోరు ముయ్యవే" అన్నారు. మావయ్యగారు ఉత్తరం మడిచి చూరులో పెట్టి లేచిపోయారు. పురోహితుడు సోమయాజులుగారు వచ్చి వెళ్లారు. మిమ్మల్ని పిలిపించి గుండు చేయించి ప్రాయశ్చిత్తం జరిపించాలట. లేకపోతే ఇల్లంతా వెలి అట.

పరీక్ష దగ్గర పడుతోంది కదండీ. ఆ రోజు మీకు జ్వరమనీ, ఆ ఇంటికి వెళ్లనే లేదనీ, ఎవరో చెప్పింది విని రాశాననీ మావయ్యగారికి రాసెయ్యండి. అక్కడ ఎవరడిగినా అదే చెప్పండి. భర్తని అబద్ధమాడమని రాస్తున్నాను. నాకు వేరే దారి తోచలేదు.

జవాబు రాస్తే జ్ఞానమ్మగారి పేర రాయండి. ఇది చదివి కాల్చెయ్యండి.

మీ
మాణిక్యం


రాజమహేంద్రవరం
కార్తిక బహుళ తదియ

ప్రియమైన మాణిక్యానికి,

నీ ఉత్తరం కాల్చాను. రెండోసారి చదివాకే కాల్చాను. తప్పులున్నాయన్నావు. ఉన్నాయి. ఒక్కొక్క మాట ఒక్కొక్కచోట ఒక్కొక్క రకంగా రాశావు. నాకు అన్నీ నచ్చాయి. పెళ్లయ్యాక నీ గొంతు నేను సరిగ్గా విన్నది ఈ ఉత్తరంలోనే.

నీ సలహా ఆలస్యంగా అందింది. సోమవారం అవధానిగారింటికి వెళ్లేసరికి ఆయన అరుగు మీదే ఆపేశారు.

"గురువారం ఎక్కడ తిన్నావోయ్?"

"జగన్నాథరావుగారింట్లోనండి."

"బూరెలు తిన్నావా?"

"తిన్నానండి. బాగున్నాయండి."

ఆ రెండో మాట అక్కర్లేదని ఇప్పుడు తెలుస్తోంది. మామ్మ పుట్టింటివాళ్లకి మన ఊరి నుంచి కబురు ముందే వచ్చిందట. నాకా పెళ్లి సంగతి తెలియక కాదు. కాలేజీలో అప్పటికే నాలుగు రోజులుగా అదే మాట. కాని పెళ్లి పంక్తిలో కూర్చుంటే కదా దోషం, మర్నాడు నా వారం నేను తింటే ఏముంటుంది, వారం వారమే కదా అనుకున్నాను. నా బుద్ధికి ఆ గీత చాలా స్పష్టంగా కనబడింది. ఈ ఊళ్లో ఇంకెవరికీ కనబడలేదు.

నువ్వు ఈ ఊరు చూడలేదన్నావు. చెబుతాను విను. కాలేజీ, కోర్టులు, జైలు అన్నీ ఒక్క ఊళ్లోనే. కాలేజీలో చదివినవాడు కోర్టులో వాదిస్తాడు, వాడి మాట నమ్మినవాడు జైలుకి పోతాడు, ఎవరికీ ఊరు దాటే పని లేదంటాడు నా గదిలో ఉండే పేరయ్య. సాయంకాలం కోటిలింగాల రేవులో మెట్టుకొకడు కూర్చుని ఇంగ్లీషు వల్లిస్తుంటే, బట్టలుతికే ఆడవాళ్లు "బాబూ, కాస్త అవతలకి జరిగి అరుచుకోండి" అంటారు. సంతలో ఇల్లాళ్లు "మా బుధవారం కుర్రాడికి వంకాయ పడదు" అంటూ కూరలు ఏరతారు. మాలాంటివాళ్లు వందలమంది ఉన్నాం. ఈ ఊరు మమ్మల్ని వంతులేసుకుని పెంచుతుంది. పెద్ద పేరున్న ప్లీడర్లంతా ఒకప్పుడు ఏదో ఒక ఇంటి వారం కుర్రాళ్లే. అందుకే ఇక్కడ ఒక గుమ్మం మూసుకుంటే తక్కిన గుమ్మాలకి వెంటనే తెలిసిపోతుంది.

సోమవారం పోయింది. మంగళవారం ఇంటివారు ఆవుని విప్పి వీధిలోకి తోలి, ఆ వంకన తలుపేశారు. ఆర్యాపురంలో శుక్రవారం ఇంటి ముసలావిడ మాత్రం గోడ మీంచి అటుకుల పొట్లం అందించి, "ఎవరితోనూ అనకు నాయనా" అని ఏడ్చింది.

ఇన్నీసుపేటలో జగన్నాథరావుగారి భార్య పాపాయమ్మగారు కబురంపారు. "మా వల్ల నీ వారాలు పోయాయి. ఏడు రోజులూ మా ఇంట్లోనే తిను" అని. వెళ్లలేదు. గురువారం కూడా మానేశాను. రోజూ అక్కడ తింటే ఇక నేను ఆ పక్షం మనిషినే. అప్పుడు నిన్ను నా దగ్గరికి ఎవరు పంపుతారు?

నాన్నగారి ఉత్తరం వచ్చింది. వెంటనే రమ్మన్నారు. వస్తే రానూపోనూ ప్రయాణం, ప్రాయశ్చిత్తం, అన్నీ అయ్యేసరికి పరీక్ష దాటిపోతుంది. మార్గశిర బహుళ చవితినాడు ఎఫ్.ఏ. పరీక్షలు మొదలు. ప్యాసైతే కచేరీలో ఉద్యోగం, ఒక చిన్న ఇల్లు, అందులో నువ్వు. తప్పితే వచ్చే ఏడు నాకు పిడికెడు మెతుకులు పెట్టేవారు ఈ ఊళ్లో ఉండరు. అందుకని రానని రాశాను.

ఒక్కటి అడుగుతాను. నన్ను వెలేస్తే నువ్వేం చేస్తావు?

నీ
కామేశం


మొగల్తూరు
కార్తిక బహుళ దశమి

ప్రియమైన మీకు మాణిక్యం నమస్కారాలు.

వంటింట్లో పొగకి కళ్లు మండుతున్నాయని చెప్పి జ్ఞానమ్మగారి బడి వెనక కూర్చుని రాస్తున్నాను. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి.

మీరు రానని రాసిన ఉత్తరం మావయ్యగారు పైకి చదవలేదు. తనలో తాను చదువుకుని సోమయాజులుగారి చేతిలో పెట్టారు. ఆయన చదివి, "ఇక ఘటశ్రాద్ధమేనండి" అన్నారు. బతికున్నవాడే అయినా కులం చెడ్డాడని చెప్పి, చచ్చిపోయినట్టు కుండ తన్ని నీళ్లు వదిలెయ్యడమట. నాకు అప్పటిదాకా ఆ మాటకి అర్థం తెలియదు. మార్గశిర శుద్ధ నవమి సాయంత్రానికి నిర్ణయించారు.

అత్తయ్యగారు మావయ్యగారి కాళ్ల మీద పడ్డారు. "బూరెలు తిన్నాడండీ. మనిషిని చంపలేదండీ" అన్నారు.

మావయ్యగారు కోపంగా ఏమీ అనలేదు. "నాకు మాత్రం కొడుకు కాడటే? రేపు మన గుమ్మంలోకి ఎవడొస్తాడు? చిన్నదాని పెళ్లి ఎలా చేస్తాను? నేను పోతే మొయ్యడానికి నలుగురు కావాలా అక్కర్లేదా?" అని పైగుడ్డ మొహాన కప్పుకున్నారు. ఆయన్ని తిట్టుకోకండి. రాత్రి అన్నం ముట్టలేదు.

నేనేం చేస్తానని అడిగారు. నన్నెవరూ ఏమీ అనడం లేదు. అదే భయంగా ఉంది. నిన్న తలలో చేమంతి పెట్టుకుంటుంటే మామ్మగారు చూసి, "పెట్టుకోవే, పెట్టుకో. నవమి దాకా పెట్టుకో" అన్నారు. జాలిగానే అన్నారు. తరవాత నా చెయ్యి పట్టుకుని గాజులు ఇటూ అటూ తిప్పి చూశారు. మంగలి అబ్బాయిని నవమినాడు ఊళ్లోనే ఉండమని కబురు చేశారట.

ఇది చదివి మీరు బయల్దేరతారని నాకు తెలుసు. బయల్దేరకండి. ఇది రాయకూడదనే అనుకున్నాను, కాని మీరు అడిగాక రాయకపోతే అది కూడా అబద్ధమే అవుతుంది. మీరు వస్తే నా జుట్టు నాకు ఉంటుంది. మీ చదువు పోతుంది. ఆ తరవాత జన్మంతా మీరు మావయ్యగారి అరుగు మీద కూర్చుని కాలవలో పోయే పడవలు చూస్తూ ఉంటారు. ఎప్పుడో ఒకప్పుడు నా వైపు కూడా అలాగే చూస్తారు. అది నాకు వద్దు.

పాపాయమ్మగారింట్లో తినండి. ఏడు రోజులూ తినండి. తిని చదవండి. నా సంగతి నేను చూసుకుంటాను. ఎలాగో నాకూ తెలియదు.

జ్ఞానమ్మగారు గంట కొట్టేస్తున్నారు. ఈ కాగితం కాల్చెయ్యండి, పొట్లాం కట్టుకోవడానికి కూడా ఉంచకండి.

మీ
మాణిక్యం


రాజమహేంద్రవరం
మార్గశిర శుద్ధ విదియ

ప్రియమైన మాణిక్యానికి,

నిన్న రేవు మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాను. తల పగల్లేదు. పక్కనున్నవాడు మొహాన నీళ్లు కొట్టి, "ఏం చదువుతున్నావయ్యా, ఇలా చచ్చేట్టు?" అన్నాడు. కళ్లు తెరిచి చూస్తే చేతిలో పుస్తకం తలకిందులుగా ఉంది.

నీ ఉత్తరం వచ్చాక ఒక్క ముక్క తలకెక్కడం లేదు. ఏ పేజీ తీసినా అందులో మంగలి అబ్బాయి కూర్చుని కత్తి నూరుతున్నాడు. బయల్దేరవద్దన్నావు. నీ జుట్టు తీయించి నేను కచేరీలో ఉద్యోగం చేస్తే ఆ కోటు ఎలా తొడుక్కోను?

చవితినాడు పడవలో వస్తున్నాను. గుండు చేయించుకుంటాను, పంచగవ్యం తాగుతాను, సోమయాజులుగారు ఏం చెయ్యమంటే అది చేస్తాను. పరీక్ష సంగతి ఇక ఎత్తకు. నవమి లోపల వచ్చేస్తానని నాన్నగారికి కూడా రాశాను.

గాజులు తీయనియ్యకు. నేను వచ్చేదాకా ఎవరు పిలిచినా పెరట్లోకి వెళ్లకు.

నీ
కామేశం


మొగల్తూరు
మార్గశిర శుద్ధ దశమి

ప్రియమైన మాణిక్యానికి,

ఎక్కడున్నావు? నా కోసమే రాజమండ్రి వెళ్లావని జ్ఞానమ్మగారు చెప్పింది నిజమేనా? పాపాయమ్మగారింట్లో ఉన్నావని మామ్మ పుట్టింటి నుంచి కబురొచ్చింది, అందుకే ఇన్నీసుపేటకి రాస్తున్నాను. అక్కడ లేకపోతే ఈ ఉత్తరం ఎవరు చదువుతారో.

నేను దిగేసరికి నువ్వు కనబడలేదు. "పుట్టింటికి వెళ్లింది, నీ శుద్ధి అయ్యాక తీసుకొస్తాం" అన్నారు. నమ్మాను. మర్నాడే గుండు, స్నానాలు, హోమం అయిపోయాయి. పంచగవ్యం తాగాక అమ్మ నా పక్కన కూర్చుని అన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఎన్నాళ్ల తరవాతో కడుపు నిండా తిన్నాను. ముద్ద ముద్దకీ అమ్మ వీధి తలుపు వైపు ఎందుకు చూసిందో అప్పుడు తెలియలేదు.

తరవాత జ్ఞానమ్మగారు కాలవ గట్టున ఎదురై, విదియనాడు నేను నీకు రాసిన ఉత్తరం విప్పకుండానే నా చేతిలో పెట్టారు. అది వచ్చేసరికి నువ్వు వెళ్లిపోయావట. ఇంటికొచ్చి అడిగితే అప్పుడు చెప్పారు. రేవులో నీ బిందె దొరికితే, కాలవలో పడ్డావనుకుని గడకర్రలతో గాలించారట. చివరికి చాకలి వీరమ్మ, "అమ్మాయిగారు పంతులమ్మగారితో పడవెక్కడం చూశానండి" అందట. కాలవలో పడితేనే బాగుండేదని మామ్మ అందట. ఆ మాట చెబుతూ అమ్మ నోరు నొక్కుకుంది.

నా పడవ విజ్జేశ్వరం లాకుల్లో ఆగినప్పుడు పక్కనే ఎగువకి వెళ్లే పడవ ఉంది. అందులో ఆడవాళ్లున్నారు. ఒకావిడ ముసుగు లాక్కుని అటు తిరిగి కూర్చుంది. పరాయి ఆడమనిషి సిగ్గుపడుతోందని నేను కూడా మర్యాదగా తల తిప్పుకున్నాను. లాకు నిండేదాకా అలాగే నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను. అది నువ్వు కాదని రాయి.

ఇప్పుడు నాన్నగారు ఏమంటున్నారో విను. నేను శుద్ధుణ్ణయ్యాను. నువ్వు కిరస్తానీ ఆవిడతో పోయావు, జగన్నాథరావుగారింట్లో చేరావు. కాబట్టి ఘటశ్రాద్ధం నీకట. మార్గశిర బహుళ చవితి. నేను కర్తగా కూర్చోవాలట. సరిగ్గా పరీక్ష మొదలయ్యే రోజు. కూర్చోనన్నాను. "అయితే అందరం కాలవలో దూకుతాం, నీ చెల్లెల్ని కూడా తీసుకుని" అన్నారు నాన్నగారు. అరిచి చెప్పలేదు. మెల్లిగా చెప్పారు.

నువ్వు ఆ ఇంట్లో ఏమీ ముట్టుకోలేదని ఒక్క మాట రాయి. పళ్లు తిని ఉన్నానని రాయి. ఆ ఒక్క మాట ఉంటే నాన్నగారి చేత ఇది ఆపించగలను. నాకు ఏం చెయ్యాలో తోచడం లేదు. నువ్వు రాసింది చేస్తాను.

నీ
కామేశం


రాజమహేంద్రవరం, ఇన్నీసుపేట
మార్గశిర శుద్ధ త్రయోదశి

ప్రియమైన మీకు మాణిక్యం నమస్కరించి రాసుకున్నది.

ఈసారి కూడా తప్పులుంటాయి. సరిచూసి చెప్పేవారు ఇక్కడ ఉన్నారు గాని, ఇది ఇంకొకరికి చూపించే ఉత్తరం కాదు.

లాకుల్లో అటు తిరిగి కూర్చున్నది నేనే.

పక్క పడవలో మగవాళ్లు నిలబడి ఉన్నారని పడవవాడు సత్తియ్య "ముసుగేసుకోండమ్మా" అన్నాడు. వేసుకున్నాను. ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఎక్కడో విన్నట్టు అనిపించింది. తల తిప్పి చూడాలనిపించింది కూడా. ఇల్లు వదిలి వచ్చేసినదాన్ని, తల తిప్పడానికి మాత్రం సిగ్గుపడ్డాను. లాకు నిండాక పడవలు విడిపోయాయి. మీ ఉత్తరం చదివినప్పటినుంచీ నాకు ఆ నీళ్ల చప్పుడే వినిపిస్తోంది.

ఎందుకు వచ్చానంటే, మీరు రాకపోతే నేను ముండమోసినదాన్ని, వస్తే మీ చదువు పోతుంది. నేను అక్కడ లేకపోతే రెండూ జరగవనుకున్నాను. నా కోసం మీరు రానక్కర్లేదు, నేనొచ్చి మీకు ఇంత వండిపెడితే పరీక్ష రాస్తారు, అంతే నా ఆలోచన. అంతకంటే పెద్ద ఆలోచన నాకు రాదు. నీళ్లకని రేవుకి వెళ్లి బిందె మెట్టు మీద పెట్టి పడవెక్కాను. జ్ఞానమ్మగారు నరసాపురం దాకా వచ్చి, సత్తియ్యకి అప్పజెప్పి వెళ్లిపోయారు. ఆవిడ నన్ను మతంలో కలుపుకోలేదు. ఆ మాట అత్తయ్యగారికి మాత్రం చెప్పండి.

పడవలో ఒక పెద్దావిడ దారంతా నన్ను వదల్లేదు. "ఎవరింటికి అమ్మాయ్? మీ ఆయన పేరేంటి?" అని. నేను పేరు చెప్పలేను కదా. "కాలేజీలో చదువుతారండి" అన్నాను. "ఆ ఊళ్లో కుక్కపిల్ల కూడా కాలేజీలోనే చదువుతుంది. పేరేంటే?" అంది. అందరూ నవ్వారు. ధవళేశ్వరంలో దిగి బండెక్కి ఊళ్లోకి వచ్చాక బండివాడూ అదే అడిగాడు. చివరికి "బూరెలు తిన్నందుకు వారాలు పోయిన ఆయన" అన్నాను. "ఆయనా! ముందే చెప్పచ్చు కదమ్మా" అని మీ గది ముందు దింపాడు.

తాళం వేసి ఉంది. పేరయ్యగారు వచ్చి, "నిన్ననే వెళ్లిపోయాడమ్మా, మీ కోసమే" అన్నారు. ఆయన్ని తలెత్తి చూడలేక తాళాన్నే చూస్తూ నిలబడ్డాను. పగటి వేళ, ఎండ బాగా ఉంది. వీధిలో కుర్రాళ్లు పుస్తకాలు పట్టుకుని, చెంబులు పట్టుకుని ఎవరి వారాలకి వాళ్లు పోతున్నారు. అంతమంది అన్నానికి పోతున్న ఊళ్లో నేనెక్కడికి పోవాలో నాకు తెలియలేదు. నేను ఎప్పుడూ అంత ఒంటరిగా లేను. గోదావరి ఎటుందని పేరయ్యగారిని అడిగాను. ఆయన నా మొహం చూసి, అది చెప్పకుండా పాపాయమ్మగారింటికి తీసుకొచ్చారు.

మీరు ఒక్క మాట రాయమన్నారు. తిన్నానండి.

ఆవిడ దాచకుండా చెప్పారు. "అమ్మాయ్, మా ఇంట్లో విస్తరి ముందు కూర్చుంటే నీకు ఇక పుట్టిల్లూ ఉండదు, అత్తిల్లూ ఉండదు. పళ్లిస్తాను, పాలిస్తాను, రేపు పడవెక్కిస్తాను. తొందరపడకు." నేను చాలాసేపు గోడకి ఆనుకుని కూర్చున్నాను. వడ్డించడానికి వచ్చినావిడ ఆ మేనకోడలు అచ్చాయమ్మగారు. మామ్మగారి మాటలు విని ఎలా ఉంటారో అనుకున్నాను. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. జుట్టు ఇప్పుడిప్పుడే పెరుగుతోంది, మెడ దాకా కూడా రాలేదు, దాంట్లోనే ఒక పువ్వు గుచ్చుకున్నారు. "నా పెళ్లి బూరెలు మీ ఆయన్ని ముంచేశాయటగా" అని నవ్వారు. నవ్వి, మళ్లీ మొహం తిప్పుకుని, "ఇన్ని గుమ్మాలు నా మూలాన మూసుకుంటాయని తెలిసుంటే ఒప్పుకునేదాన్ని కాదేమో" అన్నారు. ఆ తల చూస్తే నవమినాడు నాకు జరగబోయింది కళ్లకి కట్టింది. అప్పుడు విస్తరి ముందు కూర్చున్నాను. చారూ అన్నం. మీ అంత మాట నేను అనలేను గాని, బాగానే ఉంది.

ఆకలికి మాత్రమే తినలేదండి. తెలిసే తిన్నాను. అందుకని అబద్ధం రాయలేను. మీరు అక్కడ శుద్ధులు, నేను ఇక్కడ మైల. మనిద్దరం ఒకరి కోసం ఒకరు ఎదురెదురు ఒడ్డులకి ఈదాం. ఇప్పుడు మళ్లీ ఈదవలసింది మీరు. నేను రాను. వచ్చినా నా చేతి నీళ్లు అక్కడ ఎవరూ తాగరు, మీతో సహా.

నేను రాసింది చేస్తానన్నారు. ఇంతవరకు ఎవరూ నన్నలా అడగలేదు. రాస్తున్నాను.

పేరయ్యగారి వారాలు కూడా పోయాయి, మీతో ఒక గదిలో ఉన్నందుకు. ఇంకా ఇద్దరు ముగ్గురికి పోయాయి. పాపాయమ్మగారు పెరటి వైపు గది, పొయ్యి నాకు ఇచ్చారు. బియ్యం జగన్నాథరావుగారు పంపుతారు. ఆ కుర్రాళ్లకి నేను వండుతున్నాను. ముసుగు తీయకుండానే వడ్డిస్తున్నాను. నిన్న ఒకరు "ఉప్పు తక్కువైందండి" అంటే భయపడి లోపలికి పారిపోయాను. ఇవాళ పారిపోలేదు. మీ పుస్తకాలన్నీ గదిలోంచి తెప్పించి దుమ్ము దులిపి పెట్టాను. పరీక్షలో మీ పేరు కొట్టెయ్యలేదని పేరయ్యగారు కాలేజీకి వెళ్లి కనుక్కొచ్చారు.

ఈ ఉత్తరం మీకు అందిన రోజునే పడవెక్కితే చవితి పొద్దున్నకి ఇక్కడుంటారు. గుండుతోనే పరీక్షకి వెళ్లండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. మావయ్యగారు కాలవలో దూకరు. ఆయనకి చిన్నదాని పెళ్లి ఉంది. మీరు లేకపోతే సోమయాజులుగారు మనిద్దరికీ కలిపి ఒకే కుండ తన్నిస్తారు. అప్పుడు ఆ ఇంటికి మైల లేదు, చిన్నదాని పెళ్లికి అడ్డు లేదు. అత్తయ్యగారు ఏడుస్తారు. ఆవిడ చేతి ముద్ద మీరు ఇక తినరు. అది తెలిసి బయల్దేరండి.

రాలేకపోతే, ఆ సాయంత్రం కర్తగా కూర్చోండి. నేను తప్పు పట్టను. నా పేరు చెప్పి నీళ్లు వదిలేటప్పుడు చెయ్యి వణక్కుండా చూసుకోండి. మీరక్కడ కుండ తన్నే వేళకి నేనిక్కడ ఎసరు పెడుతుంటాను. నలుగురు కుర్రాళ్లు ఆకలితో ఉంటారు, నేను చచ్చిపోవడానికి వీలుండదు.

ఈ మాట రాసేసరికి ఏడుపొస్తోంది. ధైర్యం ఉందనుకోకండి. లేదు. వీధిలో ప్రతి అడుగుకీ తలుపు దగ్గరికి వెళుతున్నాను. ఏ తలుపు వెనక నిలబడినా ఇదివరకు మీ ఉత్తరం వినపడేది. ఇక్కడ ఏమీ వినపడదు.

చవితినాడు బియ్యం ఒక మనిషికి ఎక్కువే పోస్తాను.

మావయ్యగారు చూస్తే మిమ్మల్ని గది దాటనివ్వరు. అందుకని ఇది అక్కడే, కాలవ గట్టునే, జ్ఞానమ్మగారి ముందే కాల్చెయ్యండి.

మీ
మాణిక్యం